నూట అరవై ఎకరాలు, నాలుగు పేర్లు: ఒక చిన్న ఊరి మ్యూజియంలో ప్రత్యేక ప్రదర్శన

మ్యూజియంలకు ప్రదర్శనలు తయారుచేసి పెట్టడం నా వృత్తి. ఎక్కువగా అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, రెండు మూడు వేల జనాభా ఉన్న ఊళ్లలోని పయనీర్ మ్యూజియంలు నన్ను పిలుస్తుంటాయి. 1860ల తర్వాత అమెరికా తూర్పు రాష్ట్రాల నుంచి, జర్మనీ, స్వీడన్, బొహీమియా వంటి చోట్ల నుంచి వచ్చి ఈ గడ్డి మైదానాల్లో సాగు మొదలుపెట్టిన కుటుంబాలను ఇక్కడ పయనీర్లంటారు. ఇక్కడ చెప్పబోయేది అలాంటి ఒక మ్యూజియంలో నేను చేసిన పని. ఊరి పేరు, కుటుంబాల పేర్లు చెప్పను. ఆ భూమి అంతకుముందు ఏ తెగదో కూడా చెప్పను, చెబితే ఊరు తెలిసిపోతుంది. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

మ్యూజియం ఒక పాత బడి భవనంలో ఉంది. మే నుంచి సెప్టెంబరు వరకు, వారంలో ఐదు మధ్యాహ్నాలు తెరుస్తారు. జీతం తీసుకునేది ఒక్కరే, అదీ పార్ట్‌టైమ్. మిగతా పనంతా వాలంటీర్లది, వాళ్లలో చాలామందికి డెబ్భై దాటింది. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన 1976లో ఆ ఉత్సాహంతో చాలా ఊళ్లలో ఇలాంటి మ్యూజియంలు మొదలయ్యాయి, ఇదీ అలాంటిదే. అప్పట్లో ఎవరి అటక మీద ఏముంటే అది తెచ్చిచ్చారు. అందుకే ఇక్కడ మీగడ తీసే యంత్రాలే ఏడున్నాయి. ఇస్త్రీ పెట్టెలు నేను లెక్కపెట్టినవి పంతొమ్మిది.

ఏటా వేసవికి ఒక గదిలో ప్రత్యేక ప్రదర్శన పెడతారు. గది 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, దక్షిణం వైపు మూడు పెద్ద కిటికీలు. ఈ కొలతలు మళ్లీ అవసరపడతాయి కాబట్టి చెబుతున్నాను.

అక్కడి భూముల సంగతి కొంచెం చెప్పాలి. 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు, లేదా ఇంటి పెద్ద ఎవరైనా 160 ఎకరాలకు క్లెయిమ్ వేసుకునే వీలుండేది. అమెరికా పౌరులు, పౌరులవుతామని రాసిచ్చినవాళ్లు అర్హులు. పెళ్లికాని ఆడవాళ్లకు కూడా ఆ వీలుండేది. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. అక్కడే ఇల్లు కట్టుకుని ఐదేళ్లుండి, భూమిని సాగులోకి తెచ్చి, ఇద్దరు సాక్షులతో రుజువు చేయించుకుంటే ప్రభుత్వం పట్టా ఇచ్చేది. మొత్తం మీద దాదాపు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇలా వెళ్లాయి. అసైన్డ్ భూములు, అనుభవంలో ఉన్నట్టు సాక్ష్యాలు, పాస్‌బుక్కుల గొడవలు చూస్తూ పెరిగిన నాకు ఈ ఫైళ్లు చదువుతుంటే కొత్త దేశంలో ఉన్నట్టే అనిపించదు.

సమస్య

బోర్డు ప్రెసిడెంటు ఫోన్ చేసి, ఊరికి 150 ఏళ్లు నిండుతున్నాయి, ఈసారి పెద్దగా చేయాలన్నారు. తర్వాత కొంచెం ఆగి అసలు విషయం చెప్పారు. ప్రారంభం రోజు గది నిండుతుంది, కేకు అయిపోతుంది, మర్నాటి నుంచి ఎవరూ రారు. వాలంటీర్లకు ఓపిక అయిపోతోంది. వస్తువులు చాలకే జనం రావడం లేదని బోర్డులో ఎక్కువమంది నమ్మకం.

ముందటి మూడు వేసవుల ఫొటోలు తెప్పించుకుని చూశాను. పెళ్లి గౌన్లు, వంటింటి సామాన్లు, మన బొంతల్లాంటి క్విల్టులు. అన్నీ పక్క గదుల్లో ఎప్పుడూ ఉండేవే, అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ పేర్చారు. ఊళ్లోవాళ్లు చిన్నప్పుడు బడి నుంచి వచ్చి చూసిన వస్తువులే మళ్లీ చూడటానికి ఎందుకొస్తారు?

ఇంకో సమస్య ఎవరూ నాకు ముందు చెప్పలేదు, వెళ్లాకే తెలిసింది. ఒక కుటుంబం తమ ముత్తవ్వ కుట్టిన క్విల్టును ప్రదర్శనకని అరువిచ్చింది. అది నాలుగు నెలలు దక్షిణపు కిటికీ పక్కన వేలాడింది. తిరిగిచ్చేసరికి ఎండ పడిన మేర ఒక పట్టీలా వెలిసిపోయింది. అరువు పత్రం లేదు, ఇచ్చినప్పుడు ఎలా ఉందో ఫొటో లేదు. ఆ కుటుంబం గొడవ చేయలేదు గానీ మ్యూజియం గుమ్మం తొక్కడం మానేసింది. చిన్న ఊళ్లో ఒక కుటుంబం రావడం మానేసిందంటే ఇరవై మంది మానేసినట్టే.

అందుకని అంశం గురించి మాట్లాడకముందే వెలుతురు కొలిచే లక్స్ మీటరు తీశాను. బట్టలకు 50 లక్స్ దాటకూడదన్నది మా వృత్తిలో అందరూ పాటించే లెక్క. ఆ క్విల్టు వేలాడిన చోట మధ్యాహ్నం పన్నెండుకి 900 దాటింది. వెలిసిన రంగు తిరిగి రాదు. కిటికీలకు లోపలి నుంచి బోర్డులు బిగించేదాకా ఆ గదిలో బట్టగానీ కాగితంగానీ పెట్టొద్దని మొదటి రోజే రాసిచ్చాను. గది చీకటవుతుందని ఇద్దరు బాధపడ్డారు. ప్రెసిడెంటు మాత్రం ఆ కుటుంబం పేరెత్తి, బిగించేయండి అన్నారు.

మొదటి ప్రయత్నం: కాలక్రమం

బోర్డు అడిగింది కాబట్టి 150 ఏళ్ల చరిత్రను వరసగా చెప్పే 22 ప్యానెళ్లు రాశాను. రైలు రావడం, 1874 మిడతలు, 1888 జనవరి 12 మంచుతుఫాను, 1930ల దుమ్ము తుఫాన్లు, అన్నీ ఉన్నాయి. అచ్చుకిచ్చే ముందు వాటిని ప్యాకింగ్ కాగితం మీద ప్రింట్ తీసి గోడలకు అంటించి, ఒక శనివారం ఊళ్లోవాళ్లను పిలిచాం. నేను మూలన కూర్చుని వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో రాసుకున్నాను.

రెండో ప్యానెల్ దగ్గరే నడక వేగం పెరిగింది. నాలుగో దాని తర్వాత చదవడం మానేసి, ఫొటోల్లో తమవాళ్లెవరైనా ఉన్నారా అని వెతుక్కున్నారు. ఒక పెద్దాయన మర్యాదగా, ఇదంతా మా బడి పుస్తకంలో ఉందండీ అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఆ 22 ప్యానెళ్లలో ఊరి పేరు తీసేసి పక్క ఊరి పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. అచ్చు ఖర్చు పెట్టకముందే ఆ పని ఆపేశాం. ప్యాకింగ్ కాగితంతో ముందు పరీక్షించడం నేను ఏ కేసులోనూ వదలను. దానికయ్యేది ఒక పూట, కొంచెం టేపు.

రెండో ప్రయత్నం: మట్టిగోడ

ఈ తప్పు నాది. చెట్లు లేని ఆ మైదానంలో తొలి ఇళ్లు గడ్డిపెళ్లలతో కట్టారు. వేళ్లు దట్టంగా పట్టిన నేలను ప్రత్యేకమైన నాగలితో అడుగు వెడల్పు పట్టీలుగా కోసి, రెండు మూడు అడుగుల ముక్కలు చేసి, గడ్డి కిందికి వచ్చేట్టు ఇటుకల్లా పేర్చేవారు. గోడ రెండు నుంచి మూడు అడుగుల మందం. వానొస్తే కప్పు కారేది, ఎండలో మట్టి రాలేది. అందుకే లోపల పైకప్పు కింద పల్చటి బట్ట కట్టుకునేవారు. పాములు కూడా ఆ బట్టలోనే పడేవని ఎన్నో కుటుంబాల్లో చెప్పుకుంటారు. అలాంటి గోడ ఒక మూలన నిజంగా కడితే పిల్లలు చేత్తో తాకి చూస్తారు కదా అనిపించింది. ఒక రైతు తన పొలం గట్టున గడ్డి కోసుకోమన్నాడు.

రెండు విషయాలు నేను ముందే ఆలోచించాల్సింది. ఒకటి, ఇప్పటి గట్ల మీద పెరిగేది ఎక్కువగా తర్వాత తెచ్చి వేసిన గడ్డి. పాత ప్రెయిరీ గడ్డి వేళ్లకున్న పట్టు దానికి లేదు. పెళ్లలు చేతుల్లోనే విడిపోయాయి. రెండోది అసలైనది. తడి మట్టిని ఇంట్లోకి తెస్తే దాంతోపాటు తేమా, పురుగులూ వస్తాయి. నాలుగు రోజుల్లో గదిలో తేమ 44 శాతం నుంచి 61కి ఎక్కింది. గోడ అంచున పెట్టిన జిగురు ఉచ్చుల్లో చీమలు, పేర్లు తెలియని చిన్న పురుగులు నిండాయి. పక్క గదిలో ఉన్నవన్నీ ఉన్ని కోట్లు. ఐదో రోజు పొద్దున్నే మట్టంతా తోపుడు బండ్ల మీద బయటికి తోలేశాం. గోడ మోజులో పడి గదిలో అప్పటికే ఉన్న వస్తువుల సంగతి మర్చిపోయాను. మట్టి ఎత్తినవాళ్లలో ఎనభై ఏళ్ల ఆవిడ కూడా ఉన్నారు. ఇప్పటికీ అది గుర్తొస్తే బాధగా ఉంటుంది.

దారి దొరికింది ఒక నాగలి చీటీ మీద

పాత నాగలి ఒకటుంది. దానికి కట్టిన చీటీ మీద 'వాగుకి ఉత్తరాన మొదటి చాలు తోలిన నాగలి' అని పెన్సిల్‌తో రాసుంది. మొదటిదని ఎలా తెలుసని అడిగాను. అందరూ అదే అంటారండీ అంది వాలంటీరు. ఆ నాగలి ప్రెసిడెంటు గారి ముత్తాతది.

ఆ మాటను సరిచూసే వీలుంది. ఇక్కడి భూమినంతా ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని 36 సెక్షన్లుగా, సెక్షన్‌ను నాలుగు క్వార్టర్లుగా కొలిచారు. ఒక క్వార్టర్ అంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పు, 160 ఎకరాలు. ఏ క్వార్టర్‌కి ఎవరు ఎప్పుడు క్లెయిమ్ వేశారో ట్రాక్ట్ బుక్ అనే రిజిస్టర్లలో ఉంటుంది. పట్టా దక్కనివాళ్ల పేర్లూ అందులో ఉంటాయి. మన పాత పహాణీల్లో వెతికినట్టే వెతకాలి. ఒక సాయంత్రం వాలంటీరూ నేనూ కూర్చుని ఆ క్వార్టర్ పేజీ తీశాం. ఒకే గడిలో నాలుగు పేర్లు కనబడ్డాయి. మొదటి మూడింటి మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. 1872లో ఒకరు, 1873లో ఒకరు, 1876లో ఒకరు. నాలుగో పేరు, 1879లో క్లెయిమ్ వేసి 1885లో పట్టా అందుకున్నది, ప్రెసిడెంటు గారి ముత్తాత.

నెబ్రాస్కాలో పట్టా దక్కిన హోమ్‌స్టెడ్ ఫైళ్లు డిజిటైజ్ అయ్యాయి. ముత్తాత గారి ఫైలు 23 పేజీలు. ఇల్లు 14 అడుగులకు 20, గడ్డిపెళ్లలతో కట్టింది, ఒక తలుపు, రెండు కిటికీలు, ఒక బావి, 45 ఎకరాలు దున్నింది. సాక్షి చెప్పిన ఒక వాక్యం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఇతను వచ్చేటప్పటికే ఇక్కడ పది ఎకరాల దాకా దున్ని ఉందని ఆ పొరుగు రైతు ప్రమాణం చేసి చెప్పాడు.

క్లెయిమ్ రద్దయినవాళ్ల, అంటే గీత కొట్టేసిన పేర్ల, ఫైళ్లు మాత్రం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి కాపీలు తెప్పించుకోవాలి. మూడింటికీ రాస్తే ప్రారంభానికి ఒకటే వచ్చింది, రెండో వ్యక్తిది. రెండు కాగితాలు. ఫీజు రసీదు వెనక, ఈ భూమి మీద నా హక్కు వదులుకుంటున్నాను అన్న వాక్యం, సంతకం ఉండాల్సిన చోట ఇంటూ గుర్తు. తేదీ 1874 చివర్లో. ఆ వేసవిలోనే మిడతలు వచ్చి చేలల్లో పచ్చనిదన్నది మిగలకుండా చేశాయి. కొంతకాలం భూమి వదిలి వెళ్లినా హక్కు పోకుండా ఆ డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసింది. ఇతను అప్పటికే వదిలేశాడు.

ప్రదర్శన ఇక్కడే ఉందని నాకు ఖాయమైంది. నెగ్గినవాడికి 23 పేజీలు, ఓడిన ముగ్గురికి తలా ఒక గీత. ఊరు తన గురించి చెప్పుకునేదంతా ఆ 23 పేజీల వైపు నుంచే వచ్చింది.

ప్రెసిడెంటు గారితో

ఈ సంగతి బోర్డు మీటింగులో బయటపెట్టలేదు. నలుగురి ముందు చెబితే ఆవిడకు తమ కుటుంబాన్ని వెనకేసుకురావడం తప్ప దారి ఉండదు. వాళ్లింటికి వెళ్లి వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాను. సాక్షి వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదివారు. "మా నాన్న ప్రతి థాంక్స్‌గివింగ్‌కి ఈ మొదటి చాలు కథ చెప్పేవాడు," అన్నారు. వారం టైమ్ అడిగారు. కాదంటే ఇంకో క్వార్టర్ తీసుకుందామని నేను అప్పటికే అనుకున్నాను. కథ ఎంత మంచిదైనా, ఊళ్లో ఉండి ఈ మ్యూజియాన్ని నడిపేది ఆవిడ. నేను పని అవగానే వెళ్లిపోయేదాన్ని.

వారం తర్వాత సరే అన్నారు. అడిగింది ఒకటే, మావాళ్లు అబద్ధం చెప్పారని మాత్రం రాయొద్దు. అలా రాయాల్సిన అవసరమూ లేదు. ఆయన దున్నిన నేలలో ఆయనకు అది మొదటి చాలే. లేబుల్ మీద 'ఇంట్లో చెప్పుకున్న మాట', 'సాక్షి చెప్పిన మాట' అని రెండూ పక్కపక్కన పెట్టాం, మా వ్యాఖ్యానం లేకుండా. అన్ని లేబుళ్లలోకీ ఎక్కువమంది చదివింది ఇదే.

బాణపు మొనల పెట్టె

గది గుమ్మంలో, పయనీర్లకు ముందు అని చెప్పడానికి, బాణపు మొనలున్న అద్దాల పెట్టె పెడదామని బోర్డు అనుకుంది. పొలాల్లో దొరికినవి, ఎవరో ఇచ్చినవి. మొనల మధ్యలో పూసలు కూడా ఉన్నాయి, అవి ఎక్కడివో ఏ చీటీలోనూ లేదు. మూలవాసుల సమాధుల నుంచి వచ్చిన వస్తువులకు, వాళ్ల పవిత్ర వస్తువులకు 1990 చట్టం ఒకటుంది. ఫెడరల్ డబ్బు తీసుకున్న ప్రతి మ్యూజియానికీ అది వర్తిస్తుంది, ఈ మ్యూజియం ఒక చిన్న గ్రాంటు తీసుకుంది. 2024 జనవరి 12 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి వస్తువులను ప్రదర్శించాలంటే ముందుగా ఆ తెగ సమ్మతి కావాలి. ఈ పూసలు అలాంటివో కావో మాకు తెలియదు. తెలియనప్పుడు పెట్టడం కుదరదు అన్నాను. చట్టం లేకపోయినా అదే మాట చెప్పేదాన్ని.

ఆ తెగ ప్రభుత్వం ఇప్పుడు ఓక్లహోమాలో ఉంది. 1870, 80ల్లో నెబ్రాస్కా నుంచి ఎన్నో కుటుంబాలను అక్కడికి పంపేశారు. వాళ్ల చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి ఉత్తరం రాసి, గుమ్మం దగ్గర పెట్టబోయే లేబుల్ కూడా పంపాం. పెట్టె గురించి ముందు పూర్తి జాబితా, ఫొటోలు అడిగారు. లేబుల్‌లో ఒక మాట మార్చమన్నారు. 'ఇక్కడ నివసించేవారు' అని రాసి వదిలేశాం, అది చదివితే వాళ్లు ఇప్పుడు లేరన్నట్టుంది. ఈ భూమి ఏ ఒప్పందంలో చేయి మారిందో, ఇప్పుడు వాళ్లెక్కడ ఉన్నారో రెండూ రాశాం. దాంతో ఆ క్వార్టర్ కథ నాలుగు పేర్ల దగ్గర కాకుండా వాటికి ముందే మొదలైంది.

పనిచేసింది

గది మధ్యలో ముత్తాత గారి ఇంటి కొలతను నేల మీద నీలం టేపుతో గీశాం. గీసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. 14కి 20 అన్నది గోడ బయటి కొలతా, లోపలి కొలతా? ఫైలులో లేదు. బయటిదైతే, రెండున్నర అడుగుల గోడలు పోను లోపల మిగిలేది 9కి 15. రెండు కొలతల్లో ఒకటి ఎంచుకుని తెలిసినట్టు నటించడం నాకిష్టం లేదు. బయటి గీత నీలం, లోపలి గీత తెలుపు, రెండూ వేసి ఎందుకు రెండున్నాయో నేల మీదే చిన్న లేబుల్‌లో రాశాం. తలుపు, రెండు కిటికీలు ఎక్కడ ఉండి ఉంటాయో ఊహించి గీయలేదు.

జనం ఆ తెల్ల గీత లోపలికి వెళ్లి నిలబడేవారు. ఫైలు ప్రకారం ఆ ఇంట్లో ఉన్నది తల్లిదండ్రులు, ఐదుగురు పిల్లలు. ఒక ఆవిడ తన మనవల్ని ఏడుగురు అయ్యేదాకా పోగేసి అందులో నిలబెట్టింది. నిలబడటానికి చోటు చాలింది. పడుకోండి అంది. చిన్నవాడి కాళ్లు నీలం గీత దాకా వెళ్లాయి.

ఒక గోడ మీద 23 పేజీలు, అసలు సైజు కాపీలు. మిగతా మూడు గోడల మీద ఒక్కో పేరు, ట్రాక్ట్ బుక్‌లోని ఆ ఒక్క గీత. రెండో గోడ మీద అదనంగా ఆ ఇంటూ గుర్తు కాగితం. మిగతా గోడంతా ఖాళీ. ఖాళీగా వదలొద్దని, అక్కడ ఇస్త్రీ పెట్టెలైనా పెట్టమని బోర్డు అడిగింది. చూసేవాళ్లకు ఆ లోటు కనబడాలంటే ఖాళీగా ఉండాల్సిందేనని పట్టుబట్టాను. నిజమైన వస్తువులు గదిలో మూడే పెట్టాం. నాగలి, ఆ ఇంటి క్విల్టు, ఒక లాంతరు. క్విల్టు మీద ముతక బట్ట తెర. చూడాలనుకున్నవాళ్లు ఎత్తి చూసి దింపుతారు, దానివల్ల వెలుగు తగిలే సమయం బాగా తగ్గుతుంది. అది కూడా పది వారాలే, తర్వాత పెట్టెలోకి వెళ్లింది.

మూడో గోడ కింద బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టి, పైన ఒక ప్రశ్న రాశాం: మీ కుటుంబం వదులుకున్న భూమి ఏది? రెండు మూడు పేజీలు నిండితే చాలనుకున్నాను. వేసవి అయ్యేసరికి మూడో పుస్తకంలో ఉన్నాం. 1980ల్లో అప్పుల వడ్డీలు పెరిగి, భూముల ధరలు పడిపోయి ఈ ప్రాంతంలో వేల కుటుంబాలు పొలాలు పోగొట్టుకున్నాయి. ఆ సంగతి ఈ మ్యూజియంలో ఏ లేబుల్ మీదా అంతవరకూ లేదు. వేలం జరిగిన తేదీ, ట్రాక్టరు ఎంతకు పోయిందో, కొన్న పొరుగువాడి ముఖం ఎలా ఉందో రాశారు. కొందరు పేరు రాయలేదు. ఒకాయన నాలుగుసార్లు వచ్చాడు. మొదటి మూడుసార్లు మూడో గోడ ముందు నిలబడి వెళ్లిపోయాడు, నాలుగోసారి ఒక పేజీ నిండా రాశాడు. ఆయన ఏం రాశాడో ఇక్కడ చెప్పను.

ప్రారంభం రోజు జనం ఎప్పటికన్నా తక్కువే వచ్చారు. కానీ జులైలో, ఆగస్టులో మామూలు బుధవారాల్లో కూడా వచ్చారు, వచ్చినవాళ్లు ఇంకొకరిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. బోర్డు మొదట చూసింది ప్రారంభం రోజు లెక్క, నేను చూసింది రెండోసారి వచ్చినవాళ్లను. ఏది లెక్కపెట్టాలో పని మొదలుపెట్టకముందే బోర్డుతో మాట్లాడుకుని ఉంటే మొదటి రెండు వారాల టెన్షన్ తప్పేది. ఇప్పుడు ప్రతి కేసులో మొదటి మీటింగులోనే ఈ మాట ఎత్తుతున్నాను. రద్దయిన ఫైళ్లకు ఆర్కైవ్స్‌కి రాసే పని కూడా ముందే మొదలుపెడుతున్నాను. మూడు గోడల్లో రెండు అంత ఖాళీగా ఉండటానికి నా ఆలస్యం కూడా ఒక కారణం.

క్విల్టు వెలిసిపోయిన కుటుంబం సెప్టెంబరులో ఒక ఆదివారం వచ్చింది. కిటికీలకు కొట్టిన బోర్డుల్ని చూశారు, తెర ఎత్తి చూశారు, ఏమీ అనలేదు. తమ క్విల్టు మళ్లీ ఇస్తామని అనలేదు, మేం అడగలేదు. నోటుబుక్కులో మాత్రం వాళ్ల చేతిరాతలో అర పేజీ ఉంది.

మొనలు, పూసలు ఒక్కొక్కటీ ఫొటో తీసి జాబితా చేయడం ఆ చలికాలమంతా పట్టింది. జాబితా ఓక్లహోమాకు వెళ్లింది. పెట్టె తాళం వేసి స్టోర్ గదిలో ఉంది. జవాబు ఇంకా రావాలి.